ఆ పేరు చెక్కొద్దు సాయిబూ

ఆపు సాయిబూ, ఆపు! ఆ ఉలి ముందు కింద పెట్టు. పెట్టమంటుంటే వినపడదా?

ఏందిది? మా ఆయన సమాధి మీదికి రాయి చెక్కయ్యా అంటే నువ్వు చెక్కేది ఏంది? జాజు పూసి, సుద్దతో జానెడు జానెడు అక్షరాలు గీసి... నాకు చదువు రాదనుకున్నావా? రంగంలో తెలుగు బడికి పోయినదాన్నయ్యా నేను. రంగమంటే రంగూను. 'బర్మా మేస్త్రి' అని ఉంది ఆడ. 'బ' చెక్కటం అప్పుడే అయిపోయింది కూడానూ!

ఎవురు చెప్పారు నీకు ఈ పేరు?

శివరామయ్యా? అనుకున్నా. మా ఆయన పనిచేసిన బియ్యం మిల్లు గుమస్తా గదా, ఊళ్లో అందరికీ పేర్లు పెట్టే పెత్తనం ఆయనదే. ఫిట్టరు పని చేసే అరవాయన్ని 'సాంబారు' అంటాడు. నల్లగొండ నుంచి వచ్చిన హమాలీని 'నిజాము' అంటాడు. మా ఆయన వంతుకి 'బర్మా' వచ్చింది.

తెలుసయ్యా, తెలుసు. మిల్లోళ్లే క్వారీ నుంచి ఈ నాపరాయి బండి మీద వేసుకొచ్చారు. ఎడ్లు లాగలేకపోతే వాళ్లే భుజం పెట్టారు. ఆయన పోయిన రోజు మిల్లు మూసేసి పెట్టె కూడా వాళ్లే మోశారు. నేను కాదన్లా. చేసింది చేశారు. చేశారు గదా అని, ఎప్పటికీ చెరగని పేరు మా ఆయన నెత్తిన పెడితే నోరు మూసుకొని ఊరుకోవాల్నా? ఎల్లుండి ఆత్మల పండగ. ఊళ్లో మా చర్చి విచారణోళ్లంతా సమాధుల కాడికి కొవ్వొత్తులు పట్టుకొని వస్తారు. చదువుతారు. చదివి నవ్వుకుంటారు.

ఏందీ? ప్రేమా?

ప్రేమంట! విన్నావా చోద్యం! "ప్రేమతో పిలుచుకున్న పేరు" అన్నాడా శివరామయ్య? ఎద్దుకి కూడా ప్రేమతోనే పేరు పెడతారయ్యా. పేరూ పెడతారు, వాతా పెడతారు.

మూడేళ్లయింది మేమొచ్చి. అరవై నాలుగులో ఆడ మిలిట్రీవోళ్లు, మీ దేశం మీరు పొండి అని తరిమితే ఓడెక్కినోళ్లం. మెళ్లో గొలుసు కూడా రేవు కాడ తీయించుకున్నారు. పోతే పోయిందిలేవే, మన దేశం పోతున్నాం గదా అన్నాడు ఆయన. మద్రాసులో దిగి, గుంటూరులో బండి మారి, మాచర్ల స్టేషన్లో కాలు పెట్టామా, జట్కావోడు అన్నమాట ఏందో తెలుసా? "ఒరేయ్, బర్మావోళ్లొచ్చార్రోయ్!" అని కేక.

అదీ మా దేశం మమ్మల్ని పలకరించిన మొదటి మాట.

ఆయన నవ్వాడు. ఆయనకి నవ్వటం ఒకటి వచ్చు.

ఇంతకీ ఆయన ఏడ పుట్టాడో తెలుసా నీకు? రెంటచింతలలో! ఈడికి పన్నెండు మైళ్లు. పన్నెండేళ్లప్పుడు వాళ్ల బాబాయి వెంట రంగం పోయాడు. బియ్యం మిల్లులో బొగ్గెత్తి, బాయిలరు కాడ చేతులు కాల్చుకొని, ఇంజను పని నేర్చుకున్నాడు. ఆడ ఉన్నన్నాళ్లూ ఆయన్ని ఏమన్నారో తెలుసా? 'కొరంగీ' అన్నారు. కోరంగి రేవులో ఓడెక్కి వచ్చాడని. అసలు కోరంగి ఏ దిక్కున ఉందో ఆయనకి తెలవదు! మద్రాసులో ఓడెక్కిందాకా సముద్రమే చూసెరగని పల్నాటోడు, ఆయన్ని పట్టుకొని కొరంగీ అంట.

ఆడ ముప్పై మూడేళ్లు కొరంగీ. ఈడికొస్తే బర్మావోడు. మరి ఎప్పుడయ్యా ఆయన మనూరోడయ్యేది? పెట్టెలో పడుకోబెట్టి మన్నేసినాక కూడా కాకపోతే ఇంకెప్పుడు?

శివరామయ్యది ఒంగోలు గదా. ఆయన్ని ఎవురన్నా ఒంగోలు గిత్త అన్నారా? అని చూడమను. పంచె ఎగ్గట్టి మీదికి రాడూ!

పిలిస్తే పలికాడంటావా? పలికాడు. పలక్కపోతే పని ఎవుడిస్తాడు? ఒకరోజు మిల్లు షావుకారు కాడికి చిలకలూరిపేట నుంచి చుట్టాలొచ్చారు, జిన్నింగు మిల్లోళ్లు. శివరామయ్య మా ఆయన్ని ఇంజను కాడ నుంచి పిలిపించాడు. "ఇదిగో, వీడే మా బర్మావోడు. ఏదీ, బర్మా భాషలో ఒక ముక్క అను" అన్నాడు. నూనె చేతులు తువ్వాలుకి తుడుచుకుంటా నిలబడి ఏదో అన్నాడు ఈయన. వాళ్లు పొట్ట పట్టుకొని నవ్వారు. ఇంకోసారి అనమన్నారు. ఇంకోసారి అన్నాడు. నేను ఆ పూట తవుడూ చిట్టూ కోసమని పోయి గుమ్మం కాడ నిలబడి అంతా చూశా. గంగిరెద్దుని ఆడించినట్టు ఆడించారయ్యా నా మొగుణ్ణి. గంగిరెద్దుకైనా పాత బట్ట కప్పుతారు.

ఆయన అన్న ముక్క ఏందో చెప్పనా? "అయ్యా, ఇంజనులో నూనె అయిపోతంది, నన్ను పోనీయండి" అని. వాళ్లకేం అర్థమయ్యింది!

అసలు బర్మాలో పుట్టింది నేను. మా నాయనది నూజెండ్ల, మా అమ్మ బర్మా ఆమె. ఈ కళ్లు, ఈ మొహం చూస్తే తెలవట్లా? నన్నంటే అననీయ్. మా పక్కింటి బసవమ్మ, వచ్చిన వారానికే గడపలో నిలబడి "ఏమే బర్మాదానా, మీరు పాములు కోసుకు తింటారంట గదా" అంది. నేను చేపల పచ్చడి జాడీ మూత తీస్తే ముక్కు మూసుకుంటది. ఆమె దండెం మీద ఆరేసే ఎండు చేపలు మటుకు మల్లెపూలు! ఏంది అక్కా ఆ మాటలు అని అడిగితే, "అయ్యో, సరదాకి అన్నానే, నిన్ను నా చెల్లెలనుకొని" అంటది. చెల్లెలంట. సొంత చెల్లెల్ని అడుగుద్దా, పాములు తింటావా అని?

అనేవోళ్లకి సరదానే. పడేవోళ్లకి ఎట్లా ఉందని ఎవుడూ అడగడు.

నువ్వు తల ఊపబాకు. నీ సంగతి నాకు తెలవదా? రెండేళ్ల కిందట పాకిస్తాన్ యుద్ధం అప్పుడు, టీ కొట్టు కాడ నిన్ను "ఏం పాకిస్తానీ, మీవోళ్లు ఎందాకా వచ్చారు" అనలా? నవ్వావు నువ్వు. నేను చూశా. గ్లాసు బల్ల మీద పెట్టేసి నవ్వుకుంటానే పోయావు. పోయి నాలుగు రోజులు గుమ్మం దాటలేదంట. మీ ఆవిడ హజ్రా బీనే చెప్పింది. నీ తాత ముత్తాతలు ఈ పల్నాటి రాయి కొట్టి కొట్టి ఈ మట్టిలోనే కలిసినోళ్లు. కాదా?

అదిగో, తల దించుకున్నావు.

ఉండుండు. ఇంతసేపూ నేను నిన్నేమని పిలుస్తున్నా? సాయిబూ, సాయిబూ అని. మూడేళ్లుగా మీ ఆవిడా నేనూ ఒకే పంపు కాడ నీళ్లు పట్టుకుంటున్నాం. నీ పేరేందో నాకు తెలవదు! ఆమె ఏనాడూ ఎత్తలా. "మా ఇంటాయన" అంటది, అంతే. ఏం పేరయ్యా నీది?

మక్బూల్. మంచి పేరు. తప్పయింది తమ్ముడా, ఏమనుకోబాకు.

చూడు, మాకు జరిగింది కూడా ఇదే. ఆడది మొగుడి పేరు నోట ఎత్తకూడదు గదా మనలో. ఎత్తితే ఆయన ఆయుష్షు తగ్గుద్దంట. రాయి మీదికి పేరు కావాల్సొస్తే నన్నడగటం మర్యాద కాదనుకొని, పోయి శివరామయ్యని అడిగారు. ఆయనకేం తెలుసు? మిల్లు హాజరు పుస్తకంలోనే 'బర్మా' అని రాసుకున్న మనిషి! ఫాదరుగారి పుస్తకంలో ఉంది, ఆయన్ని అడుగుదామని ఒక్కడికీ తోచలా. ముప్పై మంది మొగాళ్లు మూడేళ్లు ఆయన పక్కన కూర్చొని సద్దులు విప్పుకొని తిన్నారు. ఆయన కూర వీళ్లూ వీళ్ల కూర ఆయనా వేసుకున్నారు. ఒక్కడంటే ఒక్కడికి ఆయన పేరు తెలవదు. ఇదీ వీళ్ల ప్రేమ!

సరే, ఆయుష్షుంటే గదా తగ్గేది. నేనే చెప్తా, రాసుకో.

ఇన్నాసి. మేకల ఇన్నాసి.

అనేశా చూడు. ఇరవై ఏళ్ల కాపరంలో ఇదే మొదలు. నాలిక పిడచగట్టుకుపోయింది. ఆ ముంతలో నీళ్లుంటే కాసిని ఇట్లా ఇయ్యి.

ఏందీ?

మరి ఇన్నేళ్లూ నేనేమని పిలిచేదాన్నంటావా?

నీకెందుకయ్యా అది? రాళ్లు కొట్టేవోడివి రాళ్లు కొట్టుకో!

...కూర్చో, కూర్చో. నీ మీద కాదులే కోపం. అడగాల్సిందే అడిగావు.

ఆడ బర్మావోళ్లు మనోళ్లని ఇంకో మాట కూడా అంటారు. 'కలా' అని. కొరంగీ కన్నా అధ్వానం. సముద్రం దాటొచ్చినోడు అని అర్థమంటారు కొందరు, నల్లోడు అంటారు కొందరు. అర్థం ఏదైతే ఏందిలే, ఉమ్మేసినట్టు అంటారు. ఒకసారి సందులో పిల్లకాయలు ఆ మాట అరుచుకుంటా రాళ్లు విసిరితే, నుదురు చిట్లి, చొక్కా అంతా నెత్తురై ఇంటికొచ్చాడు.

నేను ఆయన్ని ఆ మాటతోనే పిలిచేదాన్ని. పెళ్లయిన కొత్తలో, ముద్దుకి. పేరు ఎత్తకూడదు గదా. "నా కలా, అన్నానికి రా" అని. ఆయన నవ్వుకుంటా వచ్చేవాడు. నేనంటే బాగానే ఉంటదనుకున్నా. పదిహేడేళ్లు అనుకున్నా.

ఓడ కదిలేటప్పుడు నా చెయ్యి పట్టుకున్నాడు. "ఇంక ఆ మాట అనబాకే. ముద్దుకి కూడా అనబాకు. దాన్ని ఈడనే వదిలేద్దాం" అన్నాడు. అంటే ఇన్నేళ్లూ ఈ మనిషి లోపల లోపల నలుగుతా నవ్వాడా అనుకున్నా. సరేనన్నా. కాపరం చేసినన్నాళ్లలో ఆయన నన్ను అడిగింది అదొక్కటే.

మూడేళ్లు అన్లా. ఒట్టు, ఒక్కసారి అన్లా.

ఆయన పోవటానికి ముందురోజు మా కూతురు ఎలిజబెత్ బడి నుంచి ఏడ్చుకుంటా వచ్చింది. పంతులే "బర్మా పిల్లా, లే" అన్నాడంట. పొద్దున్నే ఈయన్ని పట్టుకున్నా. ఇయ్యాల మిల్లులో అందరికీ చెప్పు, నాకో పేరుంది దాంతో పిలవండని చెప్పు, నువ్వు పలకబట్టే గదా ఇయ్యాల పిల్లదాకా వచ్చింది అన్నా. ఆయన గిన్నెలో అన్నం సర్దుకుంటా, "పోనీలేవే, ప్రేమతోనే గదా అనేది" అన్నాడు.

నువ్వు ఇందాక అన్నావే, అచ్చం అదే.

నా ఒళ్లు భగ్గున మండింది. "రోషం లేని కలా ముండాకొడకా! ఆడ తన్నించుకున్నావు, ఈడా తన్నించుకో" అన్నా. పక్కింటి బసవమ్మకి వినపడేట్టు అన్నా. ముద్దుకి కాదయ్యా, ఆ సందులో పిల్లకాయలు అన్నట్టే అన్నా.

తిరిగి ఒక్క తిట్టు తిట్టినా బాగుండేది. చెయ్యి చేసుకున్నా బాగుండేది. నా మొహం వంక ఒకసారి చూసి, గిన్నె పీట మీద పెట్టేసి, తువ్వాలు భుజానేసుకొని వెళ్లిపోయాడు. పదకొండు గంటలకల్లా మిల్లోళ్లు పరిగెత్తుకుంటా వచ్చారు. ఇంజను పక్కనే గుండె పట్టుకొని కూలబడ్డాడంట.

ఆ పొద్దున ఆయన మిల్లులో అడుగు పెట్టంగానే శివరామయ్య "ఏం బర్మా, మొహం అట్లా ఉందేంది" అన్నాడంట. ఈయన నవ్వాడంట. "ఏం లేదులే గుమస్తాగారూ" అన్నాడంట. అన్నం తెచ్చుకోలేదని చూసి, శివరామయ్యే తన సద్దిలో సగం తీసి ఈయన చేతిలో పెట్టాడంట. ఆ కబురు చెప్పుకుంటా పెట్టె కాడ ఆ పెద్దమనిషి వెక్కి వెక్కి ఏడిచాడు. నేను వింటా కూర్చున్నా.

ఇప్పుడు తెలిసిందా, శివరామయ్య పేరెత్తితే నాకు కడుపెందుకు మండుద్దో?

ఆ సుద్ద గీతలు తుడవబాకు. 'మేస్త్రి' ఒకటి తీసేసి, ఆడ 'ఇన్నాసి' అని చెక్కు. 'బర్మా' అట్లాగే ఉంచు. ఉంచమంటున్నా గదా, ఏందట్లా చూస్తావు?

వాళ్లు ఆ పేరు పెట్టి పిలిస్తే నవ్వాడు మక్బూలూ. వాళ్ల చేతి ముద్ద తిన్నాడు. నేను పిలిస్తే కూడు ముట్టకుండా పోయాడు.