వాడరేవు సముద్రాన్ని అమ్మిన కోటిలింగం

కోటిలింగం కథ మొదలుపెట్టే ముందు టీ గ్లాసు పక్కన పెట్టి, కండువాతో మూతి తుడుచుకుని, ఎదటివాళ్ల వంక కాస్త జాలిగా చూస్తాడు. ఆ చూపు చలమయ్యకి బాగా తెలుసు. తెలియనట్టు, తలగుడ్డ చుట్టుకుని బల్ల చివర ముడుచుకుని కూర్చోవడం అతని పని. ఇద్దరూ ఒకరికొకరు పరాయివాళ్లలాగా ఉండాలి. కోటిలింగం కోతలు కొయ్యాలి, చలమయ్య నోరు తెరుచుకుని నమ్మాలి. అది చూసి మిగతావాళ్లు నమ్ముతారు. కొన్నేళ్లుగా వాళ్ల బతుకుతెరువు అదే.

సాగర్ కాలవలు తవ్వుతున్న రోజులు. చిలకలూరిపేట దాటాక గుంటూరు రోడ్డు మీద జానీబీ టీ బడ్డీ. అద్దంకి వైపు నుంచి వచ్చే మిరపకాయల బండ్లు పొద్దున పూట అక్కడ ఆగుతాయి. ఆ వేళ ఆగింది వెంకాయమ్మ బండి. మొగుడు పోయాక ఆవిడ ఒంటిచేత్తో తీసిన మొదటి పంట. బస్తాలు ఎత్తుగా పేర్చి మోకులు బిగించి ఉన్నాయి. బండి తోలేవాడు జక్రయ్య, బక్కపల్చటి మనిషి, దేన్నీ ఒక పట్టాన నమ్మనివాడు.

కోటిలింగం చెప్పాల్సింది అప్పటికే చెప్పేశాడు. ఆడమనిషి ఒంటరిగా గుంటూరు మిర్చి యార్డుకి వెళ్తే దళారులు పీక్కుతింటారనీ, తన సొంత కొట్టుకి సరుకు చేరిస్తే పై ధర ఇప్పిస్తాననీ, ఆవిడా జక్రయ్యా హాయిగా బస్సెక్కి ముందు వెళ్లవచ్చనీ. "ఎటూ నేనూ గుంటూరే, బండి నేను తోలుకొస్తాలే అమ్మా" అని చలమయ్య తన వంతు మాట అందించాడు. వెంకాయమ్మ ఇంకా ఊగిసలాడుతోంది. ఇక మిగిలింది కథ.

"మోసగాళ్ల సంగతి నాకు చెప్పబాకండి వెంకాయమ్మగారూ" అన్నాడు కోటిలింగం. "నేను చూసినోళ్లని ఎవరూ చూసుండరు. చీరాలలో పొగాకు కొనే దొరనని చెప్పుకుని ఒక తెల్లోడు తిరిగేవాడు. జాన్సన్ దొర. నిజానికి వాడు లండన్లో జేబులు కొట్టేవాడు. కొలువులో ఉన్న దొరలే వాడికి సలాము కొట్టేవాళ్లు, అట్టాంటి గొంతు. వాడిచేత నేను కాఫీ ఇప్పించుకు తాగా. ఊరందర్నీ ముంచినోడు నాకు కాఫీ పోయించాడంటే చూసుకోండి."

"కాఫీయేనా?" అన్నాడు జక్రయ్య.

"ఆగవయ్యా, కాఫీ తాగతా తాగతా వాడికి వాడరేవులో సముద్రాన్ని అమ్మా."

జానీబీ పాలు పోస్తూ ఆగిపోయింది. "సముద్రాన్నా!"

"ఎకరాల లెక్కన. దున్నక్కర్లా, తడి పెట్టక్కర్లా, ఉప్పు దానంతటదే పండుద్దన్నా. గొలుసు పట్టి కొలిపించా. అల వెనక్కి పోయినప్పుడు ఓ కొలత, ముందుకొచ్చినప్పుడు ఓ కొలత, ఈ రెంటి మధ్యనున్నది ఊరి పోరంబోకు, దానికి వేరే కట్టాలన్నా. వాడు తక్కువోడా? నాకిచ్చిన బంగారమంతా సీసానికి పూత పూసింది. నాకు తెలుసు. నాకు తెలుసని వాడికి తెలియదు. అందుకని నేనేం చేశానో ఊహించండి చూద్దాం?"

"ఏం చేశారండీ?" అన్నాడు చలమయ్య, కళ్లు పెద్దవి చేసి. వంతు తప్పకుండా.

"ఆ సీసాన్నే వాడి దోస్తుకి అమ్మా, అసలు బంగారానికి! వాడూ లండన్ దొంగే, హారిస్ అని. హారిస్ వెళ్లి జాన్సన్ గొంతు పట్టుకున్నాడు, జాన్సన్ వెళ్లి హారిస్ మీద పిస్తోలు పెట్టాడు, ఇద్దరూ కలిసి ఒక ఓడ నిండా రౌడీలని దింపారు నాకోసం. ఒక్కొక్కడి చేతిలో రెండేసి పిస్తోళ్లు."

"ఓరి దేవుడా!" అంది వెంకాయమ్మ.

"నేనొక్కణ్ణే ఒడ్డున నిలబడ్డా. నా దగ్గరున్నది మన ఎండు మిరపకాయలు. కుప్ప పోసి నిప్పెట్టా. గాలి సముద్రం వైపుకి తిరిగింది. కెప్టెను తుమ్మాడు చూడండీ, ఆ తుమ్ముకి ఓడ గిర్రున వెనక్కి తిరిగింది! అంతటితో వదిలిందా? మన పొగ ఓడ వెంటపడి లండన్ దాకా పోయింది. అక్కడ పొగమంచు పొగమంచంటారే, మంచెక్కడిదీ, అది మన కాయల పొగే. ఇప్పటికీ దిగలా. ఊరు ఊరంతా ఏడుపు. ఆ ఏడుపులో జాన్సనూ హారిసూ ఒకర్నొకరు వాటేసుకుని, ఎవడు ఎవణ్ణి ఎప్పుడెప్పుడు ముంచాడో మొత్తం చెప్పేసుకున్నారు. చెప్పుకున్నాక కత్తులు దూసి పొడుచుకున్నారు."

జానీబీ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. వెంకాయమ్మ నవ్వాలో భయపడాలో తెలియక చూస్తోంది. ఇక్కడ చలమయ్య లేచి కోటిలింగానికి దణ్ణం పెట్టాలి. అతను లేవబోతుండగానే జక్రయ్య అడ్డుపడ్డాడు.

"అయ్యగారూ, లండనోళ్ల సంగతి సరే. మీ పక్కనెవరూ లేరా? ఒక్కరే చేశారా ఇదంతా? పక్కన ఎవడో ఒకడుంటాడుగా. వాడు మిమ్మల్ని ముంచలా?"

కోటిలింగం మొహం మాడింది. తననొకడు ముంచి ఉంటాడనే మాట అతను భరించలేడు. చలమయ్య కంగారుగా దగ్గాడు. కానీ కోటిలింగం ఆ దగ్గుని చూసి నవ్వాడు. అలాంటి నవ్వు చలమయ్య ఎప్పుడూ చూడలేదు.

"నన్నా? నన్ను ముంచడమా?" అన్నాడు. "ఉండేవాడులే ఒకడు. ఎద్దులాంటోడు, నేనెటు తోలితే అటు పోయేవాడు. పొన్నూరులో ఒక బియ్యం మిల్లు షావుకారి దగ్గర బంగారు మురుగు కొట్టాం. చేతికి తొడుక్కునేది, సింహం మొహాలున్న మురుగు. దాన్ని రెండు ముక్కలు చేసి పంచుకోవాలిగా? నాకు మనసొప్పలా. అంత అందమైన వస్తువుని ఎవడు విరగ్గొడతాడండీ?"

చలమయ్య దణ్ణం పెట్టబోయిన చేతులు అలాగే ఆగిపోయాయి. ఆ మురుగు పోలీసులు పట్టుకుపోయారు. కోటిలింగమే వచ్చి చెప్పాడు. చెప్పి ఏడ్చాడు కూడా.

"ఒక కల్లుగీసేవాడికి కాకీ నిక్కరు తొడిగా, చేతిలో లాఠీ పెట్టా, పొలం గట్టు మీద నిలబెట్టి ఈల ఊదించా. అంతే! మావాడు జొన్నచేలో పడి పరిగెత్తి, పోయి పోయి కాలవలో దూకాడు. మెడదాకా నీళ్లు. నేను గట్టు మీద తుమ్మచెట్టు వెనకాల కూర్చుని చూస్తన్నా. దేవుడి పేరు తలుచుకుందామని వాడి తాపత్రయం. భయానికి ఒక్క దేవుడూ గుర్తు రాలా. ఎక్కాలు గొణుక్కోవడం మొదలెట్టాడు! నీళ్లల్లో నిలబడి, చేతులు జోడించి, పదమూడో ఎక్కం!"

జక్రయ్య కూడా ఆపుకోలేక పకపకా నవ్వాడు. వెంకాయమ్మ కళ్లనీళ్లు తుడుచుకుంది. జానీబీ పొయ్యి దగ్గర్నుంచి లేచి వచ్చేసింది.

ఆ ఎక్కాల సంగతి చలమయ్య ఎవరికీ చెప్పలేదు. కట్టుకున్న పెళ్లానికి కూడా చెప్పలేదు. ఆ రోజు ఆ నీళ్లల్లో నిజంగా చచ్చిపోయాననుకున్నాడు. జలగలు పట్టి రక్తం కారుతుంటే కదిలితే చప్పుడవుతుందని కదలకుండా నిలబడ్డాడు. చుట్టూ మనుషులెవరూ లేరనుకున్నాడు. తుమ్మచెట్టు వెనక ఒకడు కూర్చుని చూస్తున్నాడు. చూసి, సాయంత్రం వచ్చి, భుజం మీద చెయ్యేసి ఏడ్చాడు.

"అప్పుడేమైందనుకున్నారు?" కోటిలింగం మరీ రెచ్చిపోయాడు. "బతికి బయటపడ్డానని కోటప్పకొండ పోయి మొక్కు తీర్చుకున్నాడండీ! గుండు కొట్టించుకొచ్చాడు! నాకు ప్రసాదం కూడా తెచ్చిపెట్టాడు!"

"ఇది మాత్రం నేను నమ్మను" అన్నాడు జక్రయ్య నవ్వుతూనే. "సముద్రాన్ని అమ్మారంటే నమ్ముతా, తుమ్ముకి ఓడ తిరిగిందంటే నమ్ముతా. అంత వెర్రిబాగులోడు లోకంలో ఎక్కడా ఉండడు."

"ఉండడా? అయితే ఇదేంది?"

కోటిలింగం టెరిలిన్ చొక్కా చెయ్యి మోచేతి పైకి లాగాడు. దండచేతి మీద మురుగు. రెండు సింహాలు ఎదురెదురుగా నోళ్లు తెరిచి ఉన్నాయి. పొద్దుటి ఎండకి ధగధగా మెరిసింది. అందరూ ముందుకు వంగారు. కోటిలింగం మాత్రం వాళ్లని చూడటం లేదు. చలమయ్య కళ్లల్లోకి సూటిగా చూస్తున్నాడు. నోరెత్తావా, ఇద్దరం పోతాం, అంటున్నాయి ఆ కళ్లు. ఎత్తవు. నీకు తెలుసు, నాకు తెలుసు.

చలమయ్య లేచి నిలబడ్డాడు. తలగుడ్డని లాగి నేలకేసి కొట్టాడు. తల మీద బొటనవేలి గోరంత జుట్టు మొలిచి ఉంది.

"ఉన్నాడయ్యా జక్రయ్యా. ఆ వెర్రిబాగులోణ్ణి నేనే."

వెంకాయమ్మ అతని తల వంక చూసింది, మురుగు వంక చూసింది. నవ్వు మొహం మీద ఉండగానే ఆవిడ రంగు మారిపోయింది.

"ఎవడో పిచ్చోడమ్మా" అన్నాడు కోటిలింగం, చొక్కా చెయ్యి కిందికి లాక్కుంటూ. "నేనెప్పుడూ వీణ్ణి..."

"ఆ బండి గుంటూరు చేరదమ్మా" అన్నాడు చలమయ్య. "తోలుకుపోయేది నేనే. వీడు తోవలో కలుస్తాడు. వీడికి కొట్టూ లేదు, పాడూ లేదు. చీరాలలో దొర లేడు. వీడు సముద్రం మొహమే ఎరగడు. వీడు చెప్పినదాంట్లో నిజమేదన్నా ఉంటే అది ఆ కాలవ ఒక్కటే."

కోటిలింగం బల్ల మీంచి ఒక్క గెంతు గెంతాడు. జక్రయ్య బక్కవాడే కానీ పట్టు గట్టిది. కాలు అడ్డం పెట్టి పడేసి, వీపు మీద మోకాలు ఆనించాడు. జానీబీ రోడ్డు మీదికి వెళ్లి అటుగా వస్తున్న బండ్లవాళ్లని కేకేసింది. కోటిలింగం మట్టిలో మొహం పెట్టి, గుంటూరు పోలీసులంతా తన చేతికింద వాళ్లేనని అరుస్తున్నాడు. ఈసారి వినేవాళ్లు లేరు.

చలమయ్య పారిపోలేదు. ఎందుకో పారిపోవాలనిపించలేదు. వెంకాయమ్మ దగ్గరికి వస్తుంటే, ఆవిడ ఏదో మంచి మాట అంటుందనుకున్నాడు. ఆవిడ సొమ్ము నిలబెట్టాడు గదా.

ఆవిడ దగ్గరగా వచ్చి నిలబడింది. గొంతు పెంచకుండా అడిగింది.

"ఒక్క మాట చెప్పవయ్యా. ఆ మురుగులో నీ ముక్క నీకిచ్చుంటే, ఇప్పుడు నా బండి నువ్వు తోలుకుపోతా ఉండేవాడివే గదా?"

చలమయ్య వంగి నేల మీది తలగుడ్డ తీసి, దుమ్ము దులిపి, మళ్లీ తలకి చుట్టుకున్నాడు.

వెంకాయమ్మ అతని మొహంలోకి చూసింది. ఆ తర్వాత మోకులు సరిగా ఉన్నాయో లేదో చూసుకోవడానికి బండి వెనక్కి వెళ్లింది.