బోలు నరాల పాఠం చెప్పిన గ్లోరీ మేడం

రెండు వేల పద్నాలుగు నవంబరు పదిహేడవ తేదీ సోమవారం నాడు, నందికొండ నుండి బదిలీపై వచ్చి, శ్రీమతి గ్లోరీ గారు మక్తల్‌లోని మా కళాశాలలో జంతుశాస్త్ర ఉపన్యాసకురాలిగా చేరారు. హాజరు పట్టీలో సంతకం చేసి, ఏ గదిలో పాఠమో అడగడం మరచి, కిటికీ అవతల జొన్నచేల మీదుగా సాగే మబ్బును చూస్తూ నిలబడిపోయారు. ఆ పరధ్యానం చూసి తోటి ఉపన్యాసకులం మేం నవ్వుకున్నాం, కాదనను!

నాడీవ్యవస్థ వారికి పరమప్రీతికరమైన అధ్యాయం. నరాలు బోలు గొట్టాలనీ, మెదడు నుండి సూక్ష్మవాయువు వాటిగుండా ప్రవహించి కండరాలను కదిలిస్తుందనీ పూర్వపు పాశ్చాత్య పండితులు శతాబ్దాల తరబడి విశ్వసించిన వైనాన్ని వారు అరమోడ్పు కన్నులతో వర్ణిస్తుంటే, విద్యార్థులు తమ చేతులను తామే తడిమి చూసుకునేవారు. కప్పకాలు విద్యుత్తుకు అదిరిన ప్రయోగమూ, ఆ పాత నమ్మకం తప్పని తేలిన కథా మరునాటికి వాయిదా. ఒక్కరోజైనా పిల్లలు ఆ కలలో ఉండాలన్నది వారి పద్ధతి.

రెండు వేల పద్దెనిమిదిలో ఆ పద్ధతే కొంప ముంచింది. మొదటి పాఠం విన్న సంధ్య అనే విద్యార్థిని రెండవ పాఠానికి రాలేదు. చేనేత పనివారైన ఆమె తండ్రి రామచంద్రం గారు మగ్గం చెక్కపై చేయి వాల్చి నిద్రపోయి, లేచేసరికి మణికట్టు వాలిపోయింది. నాలుగవ రోజు గ్లోరీ గారే వెతుక్కుంటూ వెళ్లి చూస్తే, తండ్రి మోచేతికి పైన గుడ్డ బిగించి కట్టి ఉంది.

"గిదేందమ్మా, గిట్ల కట్టినవ్?"

"గాలి పారితేనే చెయ్యి కదులుతదని మీరే చెప్పిండ్రు గద మేడం! అవ్వ గూడ గాలి తప్పిందన్నది. ఉన్న గాలి ఎనుకకు పోకుండ కట్టిన."

 గ్లోరీ గారు వెంటనే ముడి విప్పి, రామచంద్రం గారిని ఆటోలో మహబూబ్‌నగర్ దవాఖానకు తీసుకుపోయారు. ఆ తరువాత ఆరు నెలలు ప్రతి ఆదివారం ప్రార్థన ముగియగానే ఆ ఇంటికి వెళ్లి, దగ్గర కూర్చుని వ్యాయామం చేయించారు. మణికట్టు లేచింది, మూడు వేళ్లు నూలు పట్టాయి. బిగువు కట్టు నరాన్ని నలిపినందున చివరి రెండు వేళ్లకు స్పర్శ రానేలేదు.

"మీరు సగం పాఠమే చెప్పిండ్రు మేడం. మిగతది జర జల్ది చెప్పున్రి, గంతే. ఫికర్ చెయ్యకున్రి," అన్నారు రామచంద్రం గారు, వారికే చాయ్ అందిస్తూ.

అప్పటినుండి ఆ రెండు పాఠాలూ ఒకే రోజు. గంట కొట్టినా ఆపేవారు కారు. తరువాతి తరగతి మాది కాబట్టి తలుపు దగ్గర నిలబడి బాగానే విసుక్కున్నాం.

ఈ మే నెలాఖరున పదవీ విరమణ చేస్తున్న గ్లోరీ గారు నేటికీ ఆ వేళ్ల మాట వస్తే కళ్లనీళ్లు పెట్టుకుంటారు. రామచంద్రం గారు వారిని ఆనాడే క్షమించారు. గ్లోరీ గారు తమను తాము క్షమించుకోవడానికి ఎంత కాలం పడుతుందో, అంతకు రెట్టింపు ఆయురారోగ్యాలను ప్రభువు వారికి ప్రసాదించు గాక!