శిష్యుడు వేసిన స్ప్రింగులు

లారీ ఇంజను పైమూత తీసి చూడగానే ముసలి మేస్త్రీ మొహం మాడిపోయింది.

“ఈ వాల్వు స్ప్రింగులు ఎవరు మార్చారు?”

“మీ శిష్యుడేనండీ. ఇంజను పవరు పెంచాం కదా, పాతవి తట్టుకోలేవని గట్టివి వేశాడు. ఎంత తొక్కినా బండి అదరట్లేదు మేస్త్రీ గారూ!” అన్నాడు లారీ డ్రైవరు.

“చాల్లే. ఎక్కడో ఒకచోట తప్పు చేసే ఉంటాడు.”

కళ్ళల్లో నిప్పులు పోసుకుని అరగంట వెతికాడు. ఒక్క తప్పూ దొరకలేదు.

“అంత పనిమంతుడైతే, మళ్ళీ నా దగ్గరికెందుకొచ్చావ్?”

“మీరు చూసి సరేనంటేగానీ లోడెత్తొద్దన్నాడండీ.”

మేస్త్రీ గట్టిగా ఉన్న బోల్టొకదాన్ని వదులు చేసి, మళ్ళీ అంతే గట్టిగా బిగించాడు.

“ఏమైందండీ?”

“ఒకటి వదులుగా వదిలేశాడు. నేను బిగించానని వాడితో చెప్పు.”