కోడిపిల్లల పెట్టె

ఏంటే ఆ దూదిపుల్లలు? చెవులు గుచ్చుకోడానికా? వంటగట్టుకా! వంటగట్టు మీద రుద్ది ఆ జెల్లీ పళ్ళెంలో పెడతావా? పెట్టావా అప్పుడే? ఓహో, క్రిముల చుక్కలొచ్చాయని మొహం అలా వేలాడేశావన్నమాట. ఇలా ఇవ్వు, చూస్తా. మూత తియ్యకు, తియ్యకూడదు. నాకెలా తెలుసంటావా? నాకా, ఆ థోరా పుణ్యాన తెలుసు. మీ తాత వాళ్ళ అన్న పెళ్ళాం, నా తోటికోడలు. నువ్వు పుట్టకముందే పోయిందిలే. ఫొటోలో చూసుంటావు, పొడుగ్గా, మెడ కొంగలా ఉంటుంది. అందరూ హంస అనేవారు. నాకు కొంగే.

థోరా పెళ్ళికి ముందు వెన్న ఫ్యాక్టరీలో పాలు పరీక్ష చేసేది. అందుకని ఆవిడేం ముట్టుకున్నా శుభ్రం, ఏం చెప్పినా వేదం. మా అత్తగారికి తమలాగే నార్వే వాళ్ళ ఇంటి నుంచి వచ్చిన కోడలంటే ప్రాణం. నేనేమో జర్మన్ పిల్లని, మా ఇంట్లో క్యాబేజీ పులియబెట్టిన జాడీ ఒకటుండేది. అత్తగారు మా గుమ్మంలో అడుగు పెట్టగానే ముక్కు చిట్లించి, "అడలీన్, ఏదో చచ్చినట్టుందే" అనేది. అదే నోటితో, "థోరా ఇంట్లో అయితే నేల మీద వడ్డించుకుని తినొచ్చు" అనేది. ఎప్పుడు తిన్నావమ్మా నేల మీద, అని అడగాలనుండేది నాకు. మీ తాత మాత్రం తక్కువ తిన్నాడా? నేను లెఫ్సా, అదే వాళ్ళ నార్వే పల్చటి రొట్టె, చేస్తే, "బానే ఉంది, కాస్త మందం" అనేవాడు. మందం! ఎవరిదాంతో పోల్చి మందం? నాకు తెలీదా ఏం?

మరి అసలు సంగతేంటంటే... ఈస్టర్ వెళ్ళిన కొన్నాళ్ళకి మీ నాన్నకి జబ్బు చేసింది. అప్పుడు వాడు ఇంత, నా మోకాలంత. జ్వరం, రక్త విరేచనాలు, కళ్ళు లోపలికి పీక్కుపోయాయి. ఒళ్ళో పడుకోబెట్టుకుంటే దూదిమూటలా ఉండేవాడు. ఆసుపత్రిలో పెట్టి సెలైన్ ఎక్కించారు. డాక్టరు, "తిండిలోనో ఇంట్లోనో ఏదో క్రిమి పట్టింది, మలం రాష్ట్ర ల్యాబుకి పంపిస్తున్నా" అన్నాడు. అంతే, అత్తగారికి ల్యాబుతో పనేముంది? ఆసుపత్రి వరండాలోనే, చూడ్డానికొచ్చిన చర్చివాళ్ళందరూ వింటుండగా, "ఆ కుళ్ళు జాడీ పారెయ్యమని ఎన్నిసార్లు మొత్తుకున్నాను! పసివాణ్ణి పొట్టన పెట్టుకుంటుంది" అంది. మీ తాత టోపీ చేతిలో తిప్పుకుంటూ నేల చూశాడు. ఆదివారం చర్చి విందుకి నేను తీసుకెళ్ళిన గిన్నె ఎవరూ ముట్టలేదు. పక్కనే థోరా గిన్నె గీకి గీకి తిన్నారు. ఎలా ఉంటుందే నాకు?

అప్పుడొచ్చింది థోరా మహాతల్లి. ఓ అట్టపెట్టె నిండా గాజు పళ్ళాలు, దూదిపుల్లలు. "అడలీన్, నీ వంటిల్లు ఒకసారి చూస్తాను" అంది. నాకు ఒళ్ళు మండిపోయింది. "తనిఖీకొచ్చావా? మీ అత్తగారు పంపిందా?" అన్నాను. "మీ అత్తగారు" అన్నాను చూడు, నాకేం కానట్టు! తను కోప్పడలేదు. అదే ఆవిడతో చిక్కు, కోప్పడేది కాదు. కోప్పడితే ఓ దెబ్బ నేనూ వేద్దును. "నా వంటిల్లూ చేశాను, రెండూ పక్కపక్కన పెట్టి చూద్దాం" అంది. సింకు, ఫ్రిజ్ పిడి, గిన్నెలు తుడిచే గుడ్డ, జాడీ మూత, అన్నిటి మీదా రుద్దింది. ఒక పళ్ళెం మాత్రం ఏమీ రుద్దకుండా ఉంచింది. ఎందుకది దండగ అంటే, "దీంట్లోనూ చుక్కలొస్తే నా పళ్ళాలే పాడని అర్థం" అంది. పోతూ పోతూ పొయ్యి పక్కనున్న కోడిపిల్లల పెట్టె దగ్గర ఆగింది. గులాబీ రంగు అద్దినదొకటి, పచ్చ రంగు అద్దినదొకటి, ఈస్టర్‌కి అత్తగారు మనవడికి ముద్దుగా కొనిచ్చినవి. వాడు వాటిని మూతికి ఆనించుకునే తిరిగేవాడు. ఆ పెట్టెలో పరిచిన రంపపు పొట్టు మీదా ఓ పుల్ల రుద్దింది. అది మాత్రం పళ్ళెంలో పెట్టలేదు, సీసాలో పెట్టుకుంది.

పళ్ళాలు తన ఇంట్లో వెచ్చటి అలమారాలో పెట్టి, చుక్కలు లేచాక అందరినీ పిలిచింది. అబ్బ, ఆ రోజు చూడాలి! ఏమీ రుద్దని పళ్ళెం అద్దంలా ఉంది. నా సింకు, నా ఫ్రిజ్ పిడి, ఏవో అక్కడొకటి ఇక్కడొకటి. థోరా గిన్నెలగుడ్డ పళ్ళెం? గసగసాలు కుమ్మరించినట్టు! నేల మీద తినండమ్మా ఇప్పుడు, అని లోపల పండగ చేసుకుంటున్నా నేను. అత్తగారు నా జాడీ పళ్ళెం పట్టుకుని, "ఇదిగో, చెప్పలా? దీంట్లోనూ బోలెడున్నాయి!" అంది. థోరా నెమ్మదిగా, "అత్తయ్యా, చుక్కలు ఎక్కువైతే జబ్బనీ తక్కువైతే క్షేమమనీ కాదు. చాలావాటి వల్ల మనకేం కాదు. ఆ జాడీలోవి క్యాబేజీని పులియబెట్టేవి అయ్యుంటాయి, మీ మజ్జిగలోనూ అలాంటివే ఉంటాయి. నా గుడ్డ తడిగా పడుంటుంది కాబట్టి అన్ని పెరిగాయి. పిల్లాడికి పట్టింది ఏ రకం క్రిమో ఈ పళ్ళాలు చెప్పలేవు. అది ల్యాబువాళ్ళు చెప్పాలి" అంది. నా గెలుపు కూడా నాకు దక్కనివ్వలేదు చూశావా?

ల్యాబు నుంచి డాక్టరుకి కబురొచ్చింది. ఆయన ఫోను ఎవరికి చేశాడనుకున్నావు? కన్నతల్లికా? థోరాకి. ఆ పొట్టు సీసా ల్యాబుకి పంపింది తనే కదా మరి. వాడి ఒంట్లో ఉన్నదీ కోడిపిల్లల పెట్టెలో ఉన్నదీ ఒకే రకం, సాల్మొనెల్లా. కోడిపిల్లలు జబ్బేం లేనట్టు ముద్దుగానే కనిపిస్తాయట, వాటి రెట్టలోంచి చేతికి, చేతిలోంచి నోటికి. థోరా అత్తగారి చేతులు పట్టుకుని కూర్చోబెట్టి చెప్పింది, "ఎవరి తప్పూ కాదు, మీకు మాత్రం ఏం తెలుసు" అని. ముసలావిడ ఏడ్చింది. ఏడ్చి, లేచి, గదిలో నేనుండగా, నన్ను దాటుకుని వెళ్ళి థోరాని కావలించుకుంది! "నువ్వు లేకపోతే వాడు దక్కేవాడా" అంది. మీ తాతా అదే మాట. చర్చిలో పాస్టరూ అదే. మరి రాత్రీ పగలూ పక్క గుడ్డలు ఉడకేసి ఉతికిందెవరు? చెంచాతో నీళ్ళు పోసిందెవరు? నిందపడ్డదాన్ని నేను. నింద తుడవడానికి కూడా థోరాయే రావాలా? పోనీ థ్యాంక్స్ చెప్పానా అంటే, చెప్పాను. కేకు చేసి పట్టుకెళ్ళి చెప్పాను. "మెత్తగా ఉంది అడలీన్" అంది. అదీ మంచిమాటే, చూడు. ఒక్క చెడ్డమాట ఇవ్వలేదు నాకు, పట్టుకు వేలాడ్డానికి.

మీ నాన్న తేరుకున్నాక పెద్దమ్మ వెనకాలే తిరిగేవాడు. బడి వదిలితే అక్కడికే, ఆ పళ్ళాలు చూడ్డానికి. ఆవిడ పోయినప్పుడు వాడికి పెళ్ళీడు. సమాధి దగ్గర చిన్నపిల్లాడిలా వెక్కి వెక్కి ఏడ్చాడే. అంత మనిషి! నేను చెయ్యి పట్టుకుంటే విదిలించుకుని అటు తిరిగాడు. నేను పోయిననాడు వాడు అలా ఏడుస్తాడంటావా? నువ్వు చెప్పు. మీ నాన్నేగా, నీకు తెలుస్తుంది...

వద్దులే. చెప్పకు. పొయ్యి మీద బంగాళాదుంపలు మాడుతున్నాయి, వాసన రావట్లా?