నెల్సన్ మాస్టారి మౌనం

ప్రశ్న అడిగిన టీచరు, జవాబు కోసం కాసేపు నోరు మూసుకుని ఆగాలి. ఆ గురువారం ఏలూరులో టీచర్ల మీటింగులో ఎడ్యుకేషనల్ సైకాలజీ పేరు పెట్టి పొద్దుట్నించీ చెప్పిన సంగతి ఇంతే. టీ విరామానికి అందరూ గేటు బయట బండి దగ్గర చేరేసరికి అది నెల్సన్ మాస్టారు ఎప్పుడో కనిపెట్టేసిన విద్య అయిపోయింది.

కెజియాకి కబుర్లు వినే తీరిక లేదు. జూన్‌లో చేరిన కొత్త బళ్లో, ఆమె మూడో తరగతిలో, తస్లీమ్ అనే పిల్ల ఉంది. ఇంట్లో వసపిట్ట, బళ్లో రాయి. శనివారంలోగా తన ముందు ఒక్క పాఠమైనా చదవకపోతే ఆ పిల్లని వెనక్కి, రెండో తరగతిలోకి పంపేస్తానన్నాడు హెడ్మాస్టరు. ఒకసారి అలా పంపేస్తే ఇక జన్మలో నోరు విప్పదని కెజియా భయం. సర్వీసంతా పిల్లల మధ్యే గడిపిన మనిషి కదా, ఏదో దారి చూపిస్తాడని వెళ్లి నెల్సన్ మాస్టారి పక్కన బల్ల మీద కూర్చుంది. అదీ ఆమె చేసిన పొరపాటు.

"మాస్టారూ, మా తరగతిలో ఒక పిల్ల, ఎంత అడిగినా..."

"జవాబు చెప్పదు! అంతేనా? ఆగాలమ్మా, ఆగాలి. నేను ఉండి బళ్లో కొత్తగా చేరినప్పుడు, ఏడు ఎనిమిదులెంతరా అని ఒకణ్ణి లేపాను. బిక్కమొహం వేశాడు. ఇంకో మాస్టారైతే బెత్తం తీసేవాడు. నేను తియ్యలేదు. చూస్తూ ఊరుకున్నాను. గోడ మీద బల్లి ఇటుపక్కనుంచి అటుపక్కకి వెళ్లేంతసేపు. యాభై ఆరండీ అన్నాడు!"

"బాగుందండీ. కానీ ఈ పిల్ల అలా..."

"బాగుండటం కాదమ్మా, ఆ తర్వాత ఏమైందో తెలుసా? నన్ను కొల్లేటి లంకలో బడికి వేశారు. అక్కడి పిల్లలు మహా మొండి. అదే ప్రశ్న అడిగాను. ఉలుకూ పలుకూ లేదు. ఆగాను. మధ్యాహ్న భోజనం వచ్చింది, గుడ్డు కూర ఘుమఘుమలాడిపోతోంది, ఒక్కడు కదలడే! నా మౌనం అలా పట్టేసింది వాళ్లని. సాయంత్రం పడవవాడు పిల్లల్ని తీసుకెళ్లడానికొచ్చి, వాడూ తెడ్డు పట్టుకుని అలాగే నిలబడిపోయాడు."

"పడవ కొట్టుకుపోలేదాండీ?" అన్నాడు అబ్బాయిరాజు. ఆయన లెక్కల మాస్టారు. నెల్సన్ మాస్టారిని ఎగదోయడం ఆయన సరదా.

"నీళ్లు కదిలితే కదా కొట్టుకుపోవడానికి! కొల్లేరే ఆగిపోయిందండీ, ఏమనుకున్నారో!"

కెజియా గడియారం చూసుకుంది. విరామం సగం అయిపోయింది. గొంతు పెంచింది. "మాస్టారూ, హెడ్మాస్టరు గారు శనివారం..."

"శనివారమా? నేను ఆ శనివారం నుంచి పై శనివారం దాకా అలాగే నిలబడ్డానమ్మా! గడ్డం పెరిగింది. గూడబాతు ఒకటి చెట్టనుకుని నా భుజం మీద గూడు కట్టేసింది. గుడ్లు పెట్టింది. నేను కదిలితే ఒట్టు! ఇన్స్పెక్షన్‌కి వచ్చిన ఆఫీసరు గుమ్మంలోనే నిలబడిపోయి, ఆ మౌనానికి తట్టుకోలేక, పదో తరగతిలో కాపీ కొట్టానండీ అని ఏడ్చేశాడు. కొర్రమీనులు గట్టెక్కి వరసగా కూర్చున్నాయి. అటు తాడేపల్లిగూడెం స్టేషన్‌లో రైళ్లు ఆగిపోయాయి. అప్పుడు, అప్పుడండీ, కిటికీ బయట నెమరేసుకుంటున్న గేదె ఒకటి తల తిప్పి, ఇంక భరించలేక..."

"యాభై ఆరందా?" అని అందించాడు అబ్బాయిరాజు.

"స్పష్టంగా!"

అబ్బాయిరాజు తొడ చరిచాడు. కెజియా టీ గ్లాసుని బల్ల మీద ఠంగుమని పెట్టింది.

"మాస్టారూ, గేదెకి వారం రోజులు టైమిచ్చారు. నాకు ఒక్క ప్రశ్న పూర్తి చెయ్యడానికి టైమివ్వలేదండీ ఇంతవరకూ!"

అబ్బాయిరాజుకి టీ పొలమారింది. బండి చుట్టూ ఉన్నవాళ్లంతా గొల్లుమన్నారు. నెల్సన్ మాస్టారి మొహం కందగడ్డయింది. "అయ్యయ్యో, అడగమ్మా, నేనేం వద్దన్నానా?"

కెజియా గుక్క తిప్పుకోకుండా అడిగేసింది. పిల్ల పేరు తస్లీమ్. బెదిరించలేదు, బతిమాలాను, చాక్లెట్లు పెట్టాను, ఇవాళ మీటింగులో చెప్పిన ఆ ఆగడం కూడా ఇదివరకే ఆగి చూశాను. ఎంత ఆగినా తల దించుకునే ఉంటుంది. ఎల్లుండి హెడ్మాస్టరు ముందు నిలబెట్టాలి. ఏం చెయ్యమంటారు?

"ఓస్, అది చాలా..."

"ఆగండి మాస్టారూ. ఆగడం మీ విద్యే కదా!"

పాపం ఆయన ఆగాడు. బుగ్గలు ఉబ్బించుకుని మరీ ఆగాడు. పాలు పొంగే చప్పుడు వినిపించింది.

బల్ల చివర ఇందాకట్నించీ పలుకు లేకుండా కూర్చున్న పెద్దావిడ, మార్తమ్మ టీచరు, బిస్కెట్ పక్కన పెట్టింది. వేసవి బదిలీల్లో దెందులూరు వెళ్లిందావిడ. అంతకుముందు ఎక్కడ పనిచేసిందో కెజియాకి తెలియదు.

"పెద్ద కళ్ల పిల్ల, వసీమ్ గారమ్మాయేనా? నిరుడు రెండో తరగతిలో నా దగ్గరే ఉందమ్మా. పెద్దవాళ్లు ఎదురుగా నిలబడితే దానికి గొంతు పూడుకుపోతుంది. మనం ఎంత ఆగితే అంత బిగుసుకుంటుంది. ఒకటో తరగతి పిల్లలకి కథ చదివి పెట్టమని పుస్తకమిచ్చి పంపేదాన్ని. తలుపవతల నిలబడి వినేదాన్ని. తడుముకోకుండా చదివేది."

కెజియా నోరు తెరుచుకుంది. "అయితే శనివారం మా హెడ్మాస్టరు గారిని..."

"తలుపవతల నిలబెట్టు."

"నిలబెట్టేస్తానండీ! కుర్చీ వేసైనా సరే! అది కాదండీ, ఈ సంగతి ఆయనకి మీరప్పుడే చెప్పి ఉంటే..."

"నేను బదిలీ మీద వెళ్లిపోయే రోజు మీ హెడ్మాస్టరు గారే అడిగారమ్మా, ఈ పిల్ల సంగతేంటని." మార్తమ్మ గ్లాసు అందుకుంది. "అడిగి, ఆయనే చెప్పుకుంటూ పోయారు."

"అసలు ఆగడమంటే, నేను తణుకులో..." అని నెల్సన్ మాస్టారు అందుకోబోయాడు. అబ్బాయిరాజు వేడి వేడి మిరపకాయ బజ్జీ ఒకటి ఆయన నోట్లో కుక్కాడు.