సగం కారూ, నిండు పొట్టలూ

ఏ కారూ? ఓ, వర్లిన్‌దా! కూర్చో అయితే. వాడు పోయి పదకొండేళ్లయినా ఆ బేరం తలుచుకుంటే నాకు ఒళ్లు మండుతుంది. పావు మైలు రెప్పపాటులో ఉరికే పందెం కారు, అరవైల నాటి పొడుగు ముక్కుది, ఇరవై రెండేళ్లు కట్టాడు. కట్టాడంటే, శనివారం శనివారం మేం నలుగురం వాడి గరాజులో స్టూళ్లెక్కి సలహాలిచ్చేవాళ్లం. నా సలహాలు ఊడబీకడానికే ఆరేళ్లు పట్టిందని ఒనీటా అంటుంది, వాడి పెళ్లాం. ఆవిడ నాలిక అలాంటిది. 'ఎవరు తోల్తార్రా దీన్ని?' అంటే, 'ముందు కానివ్వండి' అనేవాడు. కాకుండానే పోయాడు.

వాడు పోయాక ఆవిడేమో ఇల్లు మారుతోంది. 'పందెంలో తోలేవాళ్లకే ఇవ్వు డెల్బర్ట్, హోటలు గోడకి తగిలించేవాడికి కాదు' అంది. నేను పెద్దరికం నెత్తినేసుకున్నా. వచ్చారయ్యా బేరగాళ్లు! ఒక్కొక్కడూ కార్ల పుస్తకం మింగినట్టు మాట్లాడేవాడే. తీరా కూర్చోమంటే ఒక్కడూ సీట్లో పట్టడే! ఆ సీటూ, చుట్టూ ఇనపగొట్టాల పంజరమూ తోలే మనిషి ఒంటికొలతకి కడతారు, చొక్కా కుట్టినట్టు. 'మీవాడు కొలత తప్పాడు తాతా' అంటాడు నెవాడా నుంచొచ్చిన బేరగాడొకడు! వర్లిన్ కొలత తప్పడమా? నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. 'తప్పింది నీ పొట్ట, చూడు' అని నేనే దిగా. దిగడం దిగా. నన్ను పైకి లాగడానికి గిన్నెలు తోమే సబ్బు సీసాడు పట్టింది.

ఒనీటా నవ్వుతూ గుడ్డ పట్టుకొచ్చింది. సబ్బు అడుక్కి కారిందని తనే పంజరంలోకి దిగింది. దిగి, అలా కూర్చుండిపోయింది. మోచేతులు ఎక్కడా తగల్లేదు. పాదం పెడలు మీద సరిగ్గా ఆనింది. పంతొమ్మిదేళ్లప్పుడు మా పందెం మైదానంవాళ్లు, 'ఆడపిల్లలు తోలకూడదు పో' అని గేటు దగ్గరే వెనక్కి పంపారావిణ్ణి. వర్లిన్ ఉన్నాడక్కడ. నేనూ ఉన్నా. నవ్వాను కూడా, సిగ్గులేని వెధవని. అన్నేళ్లు స్టూళ్లరగదీశామే, ఆరడుగుల వర్లిన్ ఆ పిట్ట సీట్లో ఎలా పడతాడని ఒక్కడికైనా తట్టిందా?

'ముసలి మొద్దు!' అని స్టీరింగు మీద గుద్దిందావిడ. 'మొదలెట్టిన రోజే చెప్పుంటే నేనూ వెల్డింగు పట్టేదాన్నిగా! రెండేళ్లలో అయిపోయేది!'

నెవాడావాడు టోపీ తీశాడు.

అమ్మింది, అమ్మకేం చేస్తుంది? ఫ్రెస్నో ఊళ్లో లారీలు బాగుచేసే పిల్లొకతె వచ్చింది, ఇంతే ఉంటుంది. అతికినట్టు సరిపోయింది. ఒనీటా బెల్టు తన చేత్తో బిగించి, 'తొందరగా కానియ్యమ్మా, నాకు డెబ్భై మూడు' అంది.

ఆ పిల్ల తొందరగానే కానిచ్చింది, ఒనీటా కళ్లారా చూసింది... ఆ కిటికీ వెయ్యి, కంట్లో దుమ్ము పడుతోంది.