ఈ మాత్ర ఏ తాళం తీస్తుంది?

నన్ను గంటక్క అంటారు, గొంతు అలాంటిది. అసలు పేరు పెట్టి పిలిచేవాళ్ళు ఎప్పుడో పోయారు. డెబ్బై ఎనిమిదేళ్ళు. ఈ తాళాల కొట్టు వెనకున్న రెండు గదుల్లో తమ్ముడూ, మరదలూ, నేనూ ఉండేవాళ్ళం. ఇప్పుడు ఆడవాళ్ళిద్దరమే మిగిలాం. నాకు చదువు రాదు. నేను మాట్లాడుతుంటే మరదలు పక్కన కూర్చుని రాస్తోంది, రేపెవరూ నా మాటకు తోకలు తగిలించకుండా.

అయ్యలారా, అమ్మలారా, పనులు మానుకుని మా తమ్ముడి సంతాపానికి వచ్చారు. చోటు చాలక కొందరు వీధిలోనే నిలబడ్డారు. మీ అందరి ఇళ్ళ తాళాలూ వాడి చేతిలో పడ్డవే. ఒక్క తాళంచెవికీ దొంగచాటుగా జత చేసి దాచుకోలేదు. అలాంటి మనిషి పోయాడు. పోయిన దగ్గర్నుంచీ వీధిలో ఒక మాట తిరుగుతోంది: "అక్కే మత్తుమందిచ్చి పంపేసింది." నా ముందు ఎవరూ అనలేదు. నా ముందు అనే మొగాడు ఇంకా పుట్టలేదు లెండి. అందుకే నేనే అంటున్నాను. అవును, ఇచ్చాను. ఈ చేత్తోనే ఇచ్చాను. ఏమిచ్చానో వినండి.

వాడికి చిన్నప్పటినుంచీ ఒకటే జబ్బు: లోపలేముందో చూడాలి. అమ్మ కొన్న కొత్త తాళం విప్పాడు, మళ్ళీ బిగించేసరికి ఒక స్ప్రింగు మిగిలింది. తాళం పడింది గానీ ఇక రాలేదు. పెట్టెలో బట్టలు పెట్టెలోనే! అలాంటివాడికి ఎముకల్లోకి క్యాన్సరొచ్చింది. "నయం చెయ్యలేం, నొప్పి తగ్గించగలం" అంది డాక్టరమ్మ. మార్ఫిన్ మాత్ర చేతిలో పెట్టింది. మనమైతే ఏడుస్తాం. వాడు దాన్ని వెలుతురులో అటూ ఇటూ తిప్పి, "డాక్టరమ్మా, ఇది ఏ తాళం తీస్తుంది?" అనడిగాడు.

ఆవిడ నవ్వింది. "ఇది తీసేది కాదు, వేసేది. నొప్పి మెదడుకు పోయే దారిలో గడియ వేస్తుంది. కొన్ని గంటలకు జారుతుంది. జారకముందే మళ్ళీ వెయ్యాలి."

మొదట్లో తూగుతూ పడుకున్నాడు. మరదలు "వదినా, ఈయన ఇక లేవరేమో" అని ఏడ్చింది. లేచాడు. ముందు టీ అడిగాడు, తర్వాత ఆకురాయి అడిగాడు. మంచం మీదే కూర్చుని మీ తాళంచెవులు అరగదీశాడు. మత్తులో మునిగినవాడు తాళంచెవికి పళ్ళు కోయగలడా? మీరే చెప్పండి.

ఆ మాత్రతో పాటు విరేచనం మందు కూడా ఇచ్చారు. "నొప్పికీ దీనికీ ఏమిటి సంబంధం? మానేసి చూద్దాం" అన్నాడు. చూశాడు. బాగా చూశాడు. ఎవరికీ లొంగని ఇనప్పెట్టెలు తెరిచినవాడు తన కడుపు తలుపు తెరుచుకోక నన్ను తిట్టాడు! డాక్టరమ్మ పంపిన నర్సమ్మ వచ్చి "ఈ మాత్ర నొప్పితో పాటు పేగుల్నీ జోకొడుతుందండీ" అన్నాక, "అక్కా, మళ్ళీ స్ప్రింగు మిగిల్చేశాను" అన్నాడు. నవ్వండి, పరవాలేదు. వాడూ నవ్వాడు.

తర్వాత ఆయాసం పట్టుకుంది. ఇప్పుడు మీకు గాలి కొడుతోందే, ఈ టేబుల్ ఫ్యాను, దీన్ని చెంపకు తగిలేట్టు పెట్టమంది నర్సమ్మ. చెంపకు గాలి తగిలితే ఊపిరెలా తేలికవుతుంది? ఈసారి నేనే అడిగాను. తమ్ముడి పురుగు నాకూ పట్టింది మరి. "ముఖానికి చల్లగా తగిలితే మెదడు నిమ్మళిస్తుందమ్మా" అంది. నమ్మలేదు. నా చెంపకు పెట్టుకుని చూశాను. ఆయాసం లేనిదానికి ఏం తెలుస్తుంది! వాడికి పెట్టాను. బిగుసుకున్న భుజాలు దిగాయి.

చివరి రోజు మింగలేకపోయాడు. అదే మందు చుక్కలుగా చెంపలో వెయ్యమన్నారు. డాక్టరమ్మ చెప్పినంతే, చుక్క ఎక్కువా లేదు, తక్కువా లేదు. గొంతులో గరగర వస్తే పక్కకు తిప్పాం. నుదుటి మీద ముడత లేకుండా పోయాడు. నేను ఊరుకున్నానా? ఆవిడ దగ్గరికెళ్ళి నిలదీశాను: "నా చేతి చుక్కలకే పోయాడా?" ఆవిడ చూపు తిప్పుకోలేదు. "జబ్బు తీసుకెళ్ళిందమ్మా. నొప్పిని మీరు వెంట వెళ్ళనివ్వలేదు" అంది.

ఇదంతా నా పేరు కడుక్కోవడానికా? నా పేరుకేం, అదెప్పుడో మాసింది. ఈ గోడ అవతల టైలరు తల్లి ఉంది. అదే జబ్బు. అదే డాక్టరమ్మ ఆమెకూ మాత్రలు రాసిచ్చింది. మీ గుసగుసలకు భయపడి టైలరు వాటిని మిషను సొరుగులో పడేశాడు. ఒరే నాయనా, వెనక నక్కి నిలబడ్డా కనిపిస్తున్నావు. నిన్ను తిట్టను. తన చేత్తో అమ్మ పోతుందేమోనని భయపడే కొడుకు చెడ్డవాడు కాదు. కానీ ఆ మాత్ర ఏం చేస్తుందో భయాన్ని అడక్కు. నర్సమ్మ ఇక్కడే ఉంది, ఆమెనడుగు. నా తమ్ముడిలా, సిగ్గుపడకుండా, పదిసార్లు అడుగు.

ఇక అందరూ లేవండి. వాడి కోసం కాసేపు మాట్లాడకుండా నిలబడదాం. ఎవరైనా ఆ ఫ్యాను కట్టెయ్యండి. ఆఁ, అలా. ఇప్పుడు వినండి. గోడ అవతల ఆ మూలుగు వినిపిస్తోందా?

గంటక్క ఎడమ బొటనవేలి ముద్ర.

సాక్షులు: సైకిళ్ళు బాగుచేసే పెద్దాయన, ఇది రాసిన మరదలు.

టైలరునూ నర్సమ్మనూ కూడా సాక్షులుగా పెట్టమంది వదిన. మౌనం ముగిసేసరికి ఇద్దరూ ఇక్కడ లేరు. పక్కింటి తలుపు తీసి ఉంది.